శనివారం ఒక్కరోజే 160 పిచ్‌లు: అమ్మాయిల సాఫ్ట్‌బాల్‌లో లిమిట్ అంటూ లేదా?

ఫ్రిస్కో_నాన్న:
మా పాపకి పదకొండేళ్లు. డాలస్ వైపు ఒక ట్రావెల్ టీమ్‌లో (ఊళ్లు తిరిగి టోర్నమెంట్లు ఆడే టీమ్) 12యూ, అంటే పన్నెండేళ్లలోపు వాళ్ల ఆట, ఆడుతోంది. పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి వేసేది తనే; వేసిన ఒక్కో బంతీ ఒక పిచ్. పోయిన శనివారం పూల్ గేములు (నాకౌట్‌కి ముందువి) మూడు, మూడింట్లోనూ ఎక్కువ ఇన్నింగ్స్ (అవతలివాళ్లు ముగ్గురు ఔటయ్యేదాకా సాగే వంతు) తనే వేసింది. ఆదివారం బ్రాకెట్లో, అంటే నాకౌట్ గేముల్లో, మళ్లీ తనే. స్కోరింగ్ యాప్ తీసి చూస్తే శనివారం లెక్కే 160 దాటింది. సోమవారం జడ వేసుకుందామని చెయ్యెత్తి, భుజం ముందువైపు నొప్పిగా ఉందంది. కోచ్‌ని అడిగితే, "అండర్‌హ్యాండ్ కదా (చెయ్యి కింది నుంచి వేయడం), దానికేమీ కాదు, రోజంతా వేయొచ్చు" అన్నారు.

మా బాబు లిటిల్ లీగ్‌లో (ఊరూరా ఉండే పిల్లల లీగ్) బేస్‌బాల్ ఆడతాడు. వాడి వయసుకి రోజుకి 85 పిచ్‌లే, 66 దాటితే నాలుగు రోజులు రెస్ట్. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకి రెండు రూల్సా? గట్టిగా అడిగితే బెంచ్ మీద కూర్చోబెడతారని వాళ్లమ్మకి టెన్షన్. ఏం చేయమంటారు?

స్కోర్‌బుక్_మామ:
లిటిల్ లీగ్ సాఫ్ట్‌బాల్‌లో రూల్ ఉంది గానీ అది పిచ్‌ల లెక్క కాదు, ఇన్నింగ్స్ లెక్క. మీ పాప వయసువాళ్లు రోజుకి 12 ఇన్నింగ్స్ దాకా వేయొచ్చు. ఏడు గానీ ఆపైన గానీ వేస్తే మర్నాడు రెస్ట్. ఒక్క బంతి వేసినా ఇన్నింగ్స్ కిందే లెక్క. ఇన్నింగ్స్ అంటే ఆరు బంతులూ కావచ్చు, వాక్‌ల మీద వాక్‌లు (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్) ఇస్తే నలభయ్యీ కావచ్చు. ట్రావెల్ టోర్నమెంట్లలో చాలాచోట్ల ఆ మాత్రం కూడా ఉండదు, కోచ్ ఇష్టం.

ఎడిసన్_అమ్మ:
ఫ్రిస్కో నాన్నగారూ, మా పెద్దమ్మాయి 10యూ నుంచి హైస్కూల్ దాకా పిచరే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

"అండర్‌హ్యాండ్ కాబట్టి ఏమీ కాదు" అన్నది ఇక్కడి మైదానాల్లో అందరి నోటా వినపడే మాట. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడిన పిచర్లను వీడియో తీసి కొలిచినవాళ్లు ఉన్నారు. చెయ్యి గుండ్రంగా తిప్పి బంతి వదిలేటప్పుడు భుజాన్ని కీలు నుంచి లాగే బలం ఒంటి బరువులో దాదాపు 80 శాతం వచ్చింది. పిల్లల్ని కొలిస్తే వాళ్లకీ తక్కువేం రాలేదు. దానికి తోడు బంతి వదిలే వేళ బైసెప్స్ బాగా కష్టపడుతుంది. మీ పాప చెప్పిన చోటే, భుజం ముందువైపే, చాలామంది పిచర్లకి నొప్పి మొదలవుతుంది. రాసిచ్చిన రూల్ లేకపోయినా అమెరికా స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ల సంఘం సూచనలున్నాయి: 10 నుంచి 12 ఏళ్లవాళ్లకి గేముకి 65, రోజుకి 95, అదీ వరసగా రెండు రోజులే, మూడో రోజు అసలు వద్దు. మీ శనివారాన్ని దీని పక్కన పెట్టి చూసుకోండి.

నన్నడిగితే గేము లెక్క సగమే. వార్మప్‌లో వేసినవి ఎవరూ లెక్కపెట్టరు. బుధవారం పిచింగ్ లెసన్, ఇంటి వెనక నాన్న బకెట్ మీద కూర్చుని పట్టే బంతులు, గెస్ట్ ప్లేయర్‌గా పంపిన ఇంకో టీమ్, ఇవన్నీ ఒకే భుజం మీద పడతాయి. మేము సోమవారం నుంచి ఆదివారం దాకా మొత్తం ఒకే కాగితం మీద రాసేవాళ్లం. ఆ కాగితం ఫ్రిజ్ మీద ఉంటే మా ఆయన కూడా "ఇంకో ఇరవై వేద్దాం రా" అనడం మానేశారు.

కోచ్ సంగతి. లిమిట్ పెట్టండి అంటే ఆయనకి తప్పు పట్టినట్టు వినిపిస్తుంది. "మూడో పిచర్ ఎవరండీ?" అని అడగండి. 12యూ టీముల్లో అసలు జబ్బు అదే. వేయగలిగే పిల్లలు ఇద్దరే ఉంటారు, అందులో ఒకరి మీదే నమ్మకం, ఆదివారం ట్రోఫీ. మూడో అమ్మాయిని తయారు చేయాలంటే పూల్ గేములో ఆమె చేత వేయించి, నాలుగు వాక్‌లు పోయినా ఓర్చుకోవాలి. ఆ ఓర్పు కోచ్‌కే కాదు, కంచె వెనక కుర్చీలేసుకున్న మనకీ ఉండదు.

హూస్టన్_బావ:
కొంచెం ఎక్కువ కంగారు పడుతున్నారేమో! 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచర్ యుకికో ఉయెనో రెండు రోజుల్లో మూడు గేములు ఆడి 413 పిచ్‌లు వేసింది, గోల్డ్ కొట్టారు. 2025 విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్‌లో (అమెరికా కాలేజీ అమ్మాయిల సాఫ్ట్‌బాల్ ఫైనల్ టోర్నమెంట్) టెక్సస్ టెక్ యూనివర్సిటీ తరఫున ఆఖరి గేము దాకా ప్రతి బంతీ పిచర్ నైజారీ కెనడీదే.

ఎడిసన్_అమ్మ:
ఉయెనోకి అప్పటికి 26 ఏళ్లు బావగారూ, పదకొండు కాదు. కెనడీ కథ కూడా సగంలో ఆపేశారు. ఆ ఆఖరి గేములో మొదటి ఇన్నింగ్స్‌లోనే అయిదు రన్‌లు పోయాయి, ఆమెని దించేశారు, కప్పు అవతలి టీమ్ టెక్సస్ యూనివర్సిటీకి వెళ్లింది.

ఫిజియో_కరీంనగర్:
నేను ఇక్కడ ఫిజియోథెరపిస్ట్‌ని. చూడకుండా ఏమిటని చెప్పలేను గానీ, జడ వేసుకోడానికి చెయ్యెత్తితేనే నొప్పి అంటోందంటే ఈ వారాంతం వేయించకండి. పిల్లల స్పోర్ట్స్ డాక్టర్‌కి చూపించండి. ఎదిగే వయసులో ఎముక చివరల్లో గ్రోత్ ప్లేట్లు ఇంకా గట్టిపడి ఉండవు, అందుకే నొప్పి మాత్ర వేసి గేముకి పంపొద్దంటాం. పిచింగ్‌లో బలం కాళ్ల నుంచి, నడుము నుంచి రావాలి. అలసిపోయిన పిల్ల ముందు కాళ్లు వాడడం మానేస్తుంది, అప్పుడు భారమంతా చేతి మీదే. స్పీడ్ తగ్గకముందే ఇది కనిపిస్తుంది: అడుగు పొట్టిదవుతుంది, బంతులు ఎత్తుగా పోతాయి.

ఫ్రిస్కో_నాన్న:
అందరికీ థ్యాంక్స్ అండి. గురువారం డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికింది. కోచ్‌కి మెసేజ్ పెట్టాను, ఈ వారం బ్యాటింగ్, ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్ మాత్రమే అని. "సరే" అని ఒక్క ముక్క వచ్చింది. ఫస్ట్ బేస్ ఫర్వాలేదా మరి?

ఫిజియో_కరీంనగర్:
డాక్టర్ చూసేదాకా విసిరే పని ఏదీ వద్దు. ఫస్ట్ బేస్‌లోనూ విసరాల్సి వస్తుంది. బ్యాటింగ్ కూడా ఆయన్నే అడగండి.

ఎడిసన్_అమ్మ:
బుధవారం లెసన్ ఉంటే అది కూడా క్యాన్సిల్ చేయండి. డబ్బులు ముందే కట్టేశామని పంపే రకం మనం.