లాంటానా నిర్మూలనకు లేస్ బగ్‌ను నమ్మవచ్చా?

అడవిబాట: మా ఊరి అడవి అంచునంతా లాంటానా అనే కలుపు పొద కమ్మేసింది. దాన్ని మేసిన పశువుకు కాలేయం చెడి, ఎండ సోకిన చోట చర్మం పగులుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్లు మించని లేస్ బగ్, జల్లెడవంటి రెక్కలతో ఆకు అడుగున గుంపుగా చేరి రసం పీల్చి, ఆకులను పాలిపోయేలా చేసి రాల్చివేస్తుంది. 1926 తరువాత దక్షిణాదిన నాగజెముడును కోచినీల్ పురుగుతో అణచిన మనం, దీన్ని పెంచి వదలడానికి ఎందుకు సంకోచించాలి?

పాతబోటనీ: వదలడానికి ఏముందండీ, అది ఎప్పుడో వచ్చేసింది. 1941లో ఆస్ట్రేలియా నుంచి డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థకు తెప్పించి పరీక్షించినప్పుడు టేకు పూలను కూడా తింటుందని తేలడంతో, విడుదల చేయరాదని నిర్ణయించి, పెంచుతున్న పురుగులను నాశనం చేశారు. అయితే అప్పటికే కొన్ని తప్పించుకుపోయాయి. ఆ రోజుల్లో టేకును లాంటానాతోపాటు వెర్బినేసీ కుటుంబంలోనే లెక్కించేవారు కనుక, వారి భయం ఊరికే పుట్టింది కాదు. నాగజెముడుకు అప్పటి మన పంటల్లో దగ్గరి చుట్టమే లేదు. ఆ పోలిక ఇక్కడ నిలవదు.

అడవిబాట: ఎనభై ఏళ్లు దాటినా మన టేకు తోటలు నిలిచే ఉన్నాయి కదండీ! టేకు ఆకులను ఈనెలు మిగిల్చి తినేది గొంగళి పురుగులే తప్ప ఈ లేస్ బగ్ కాదు.

నువ్వుచేను: టేకు సంగతి మీరన్నట్టే కావచ్చు గాని, 1960 దశకంలో ఉగాండాలో ఏం జరిగిందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. లాంటానా మీద వదిలిన ఇదే లేస్ బగ్, పొదలు ఆకు రాల్చిన చోట ఆకలికి పక్కనున్న నువ్వుల చేలకు మళ్లింది. నువ్వు లాంటానా కుటుంబానికి చెందనే చెందదు. కాబట్టి దగ్గరి చుట్టాలైన మొక్కలపైన మాత్రమే పరీక్షిస్తే చాలదు. తిండి కరవైన పురుగు ఏ మొక్కను ముడుతుందో చూడకుండా భద్రమని చెప్పడం తొందరపాటు.

ఇంత చేసినా లాంటానా చావదు. ఆకు రాలగానే తిండిలేక పురుగుల సంఖ్య పడిపోతుంది, వాన పడగానే పొద మళ్లీ చిగురిస్తుంది. దానికంటే, వేరు మెడను, అంటే కాండం వేరుతో కలిసే చోటును, నేల మట్టానికి కిందుగా నరికి మొదలును తలకిందులుగా పెట్టడమే నాకు నమ్మకమైన పద్ధతిగా తోస్తుంది. జనవరి, ఫిబ్రవరిలలో వేసే వేసవి నువ్వు చేలో ఉండగా, పురుగు పట్టిన గట్టు పొదలను కొట్టడం మాత్రం మంచిది కాదని నా అభిప్రాయం. ఎగరగల పెద్ద పురుగులకు అప్పుడు ఎదురుగా కనిపించే పచ్చదనం మన చేనే.

పాతబోటనీ: కోత అయ్యాక, తొలకరికి ముందు కొట్టండి. కాయలు పండకముందే కొడితే పిట్టలు విత్తనాన్ని మోసుకుపోయే బెడద కూడా తగ్గుతుంది.