అతిమధురం వైరస్‌ను ‘చంపుతుందా’, ‘ఆపుతుందా’?

నెల్లూరు నుంచి (ప్రశ్న):
కాలేజీ సంచికకు మూలికల మీద వ్యాసం రాస్తున్నాను. ‘అతిమధురం వేరు వైరస్‌ను చంపుతుంది’ అని రాస్తే, మా తెలుగు సారు ‘చంపుతుంది’ కింద గీత కొట్టి, ‘ఎవరు చూశారబ్బా?’ అన్నారు. యాంటీవైరల్ అనే గుణానికి తెలుగులో ఏ క్రియ వాడాలి?

కావలి నుంచి:
క్రిమిసంహారకం ఉందిగా, అలాగే ‘వైరస్ సంహారిణి’ అనేయ్ తమ్ముడూ.

ఒంగోలు నుంచి:
వద్దన్నా. ఆ మాట వింటే పొలానికి కొట్టే మందే గుర్తొస్తుంది. అసలు వైరస్‌కు ప్రాణం ఉందా లేదా అన్నదే తెగని వాదన, ఇక చంపడమేంటి? నేను మైక్రోబయాలజీ చదివాను కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

అతిమధురంలో తీపినిచ్చేది గ్లైసిరైజిన్. చక్కెర కంటే దాదాపు 50 రెట్లు తీపి. 1979లో ఇటలీ పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో దీని గురించి రాశారు. వాళ్లు రెండు వేర్వేరు పనులు చెప్పారు. కొన్ని రకాల వైరస్‌లను కణాల్లో పెరగనివ్వలేదు, ఇది ఒకటి. పెదాల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌నైతే మళ్లీ కోలుకోకుండా చేసింది, ఇది రెండోది. మొదటిదానికి ‘అడ్డుకుంది’, రెండోదానికి ‘నిర్వీర్యం చేసింది’ అనాలి. రెంటినీ కలిపి ‘చంపింది’ అంటే ఆ తేడా మొత్తం పోతుంది.

2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల వైరస్ జబ్బు వచ్చినప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లు కోతి కిడ్నీ కణాల మీద ఇదే చూసి ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రచురించారు. అక్కడా వైరస్ పెరుగుదల తగ్గింది. కానీ సగానికి తగ్గాలంటే లీటరుకు 300 మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్ కావాల్సి వచ్చింది. కషాయం తాగినంత మాత్రాన రక్తంలో అంత చేరదు. పేగుల్లోని బాక్టీరియా దాన్ని వేరే పదార్థంగా మార్చేస్తుంది కూడా. జపాన్‌లో దీర్ఘకాలపు కాలేయ వాపు, అంటే హెపటైటిస్‌కు దీన్ని నరానికి ఇంజక్షన్‌గా ఇచ్చింది అందుకే. కాబట్టి ‘నయం చేస్తుంది’ అనే మాట దగ్గరికే పోవద్దు.

కావలి నుంచి:
సరేనయ్యా, సంహారిణి వెనక్కి తీసుకున్నా. 2021 మేలో కరోనాకని ఇచ్చిన కృష్ణపట్నం ఆనందయ్య మందు కోసం ముత్తుకూరు దారంతా జనం నిండినప్పుడు ఈ మాటలన్నీ ఒకే అర్థంతో తిరిగాయి. ఆపుతుంది, తగ్గిస్తుంది, పోగొడుతుంది, ఏదైనా ‘మందు’ కిందే లెక్క.

కందుకూరు నుంచి:
క్రియ సంగతి తేలింది గానీ పేరు కూడా చూడండి. సంస్కృతంలో యష్టిమధుకం, యష్టి అంటే కర్ర. అంగట్లో అమ్మేదీ కర్ర ముక్కల్లాగే ఉంటుంది. గ్రీకువాళ్లు మాత్రం తీపి వేరు అన్నారు, గ్లైసిరైజా అన్న పేరు దాని నుంచే వచ్చింది. ఇద్దరూ సగం సగం ఒప్పే, ఎందుకంటే అమ్మేదాంట్లో వేర్లతో పాటు నేలకింద పాకే కాండాలూ ఉంటాయి. ‘అతిమధురం’ తమిళంలోనూ ఉంది కాబట్టి చెన్నై అంగళ్లలో అడిగినా మనకు ఇబ్బంది లేదు.

ఇంకోటి, గురివింద తీగను కొందరు దీనికి బదులుగా వాడతారు. ఆకు తియ్యగా ఉంటుంది నిజమే. గింజ మాత్రం ప్రాణం తీసే విషం. వ్యాసంలో రెండు పేర్లూ పక్కపక్కన పెట్టొద్దు.

ఒంగోలు నుంచి:
బాగా గుర్తుచేశారక్కా. బీపీ మాట కూడా రాయాలి. అతిమధురం రోజూ ఎక్కువగా తింటే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, పొటాషియం తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది. గొంతు గరగరకు ఎప్పుడో ఒక ముక్క నమిలితే టెన్షన్ అక్కర్లేదు. బీపీ, గుండె, కిడ్నీ మందులు వాడేవాళ్లూ గర్భిణులూ డాక్టర్‌ను అడగాల్సిందే.

నెల్లూరు నుంచి (ప్రశ్న అడిగినవారు):
ఇలా మార్చాను, చూడండి: ‘అతిమధురంలోని గ్లైసిరైజిన్ కొన్ని వైరస్‌ల పెరుగుదలను కణాల్లో అడ్డుకుంటుందని తేలింది.’

ఒంగోలు నుంచి:
‘కణాల్లో’ ముందు ‘ల్యాబ్‌లో పెంచిన’ అని చేర్చు. లేకపోతే చదివేవాళ్లు తమ ఒంట్లో కణాలనుకుంటారు. ఇక సారుకు చూపించు.