లేఆఫ్ తర్వాత 14 నెలల గ్యాప్: రెజ్యూమెలో రాయాలా, వదిలేయాలా?

అకౌంట్స్‌లో 9 ఏళ్ల అనుభవం. మాంద్యం దెబ్బకి మా టీమ్ మొత్తాన్ని ఒకేరోజు తీసేశారు. అప్పటి నుంచి 14 నెలలుగా ఖాళీ. 160 చోట్ల అప్లై చేస్తే ఫోన్లు వచ్చింది 6, ఇంటర్వ్యూ దాకా వెళ్లింది 2. రెండింటిలోనూ మొదటి ప్రశ్న ఒకటే: "ఇన్నాళ్లూ ఏం చేశారు?"

చాలాచోట్ల అసలు మనిషే చూడటం లేదని నా అనుమానం. మొన్న రాత్రి 11:40కి అప్లై చేస్తే 11:46కల్లా "క్షమించండి" అని మెయిల్ వచ్చేసింది. ఆ వేళప్పుడు కూర్చుని నా రెజ్యూమె చదివే హెచ్‌ఆర్ ఎవరుంటారు!

రెజ్యూమెలో రెండు కాలమ్‌లు, టేబుళ్లు ఉంటే అప్లికేషన్లు వడకట్టే సాఫ్ట్‌వేర్ సరిగా చదవకపోవచ్చంటే ఒకే కాలమ్‌లోకి మార్చాను. ప్రకటనలో ఉన్న పదాలే వాడాను. జీతం తగ్గినా పర్లేదన్నాను, "మీ అనుభవానికి ఈ పోస్టు చిన్నది" అన్నారు. చివరికి ఉద్యోగ తేదీల్లో నెలలు తీసేసి ఏళ్లు మాత్రమే ఉంచాను. కానీ ఆన్‌లైన్ ఫారంలో నెల నింపనిదే ముందుకు పోదు, అక్కడ దొరికిపోతున్నాను.

ఇలాంటి గ్యాప్ దాటి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు, రెజ్యూమెలు వడకట్టే పనిలో ఉన్నవాళ్లు చెప్పండి: "లేఆఫ్, ఉద్యోగ ప్రయత్నంలో" అని తేదీలతో ఒక లైన్ రాసేయడం మేలా, ఏళ్లు మాత్రమే ఉంచి ఊరుకోవడం మేలా?