కల్చర్ రిపోర్టు నిండా ఆర్‌లే, అంటే క్రిమి అంత బలమైందా?

రాయగడ తమ్ముడు:
మా మావయ్య బరంపురంలో ఐసీయూలో ఉన్నారు, వెంటిలేటర్ పెట్టాక నిమోనియా వచ్చిందన్నారు. గొట్టంలోంచి తీసిన కఫం కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకి పంపితే క్లెబ్సియెల్లా అనే క్రిమి వచ్చింది, మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్‌తో సహా అన్ని మందులకీ ఆర్ అని రాశారు, ఇక మిగిలింది కొలిస్టిన్ అనే మందే అంటున్నారు. డాక్టర్‌గారు ఒడియాలో చెప్పారు, సగమే అర్థమయింది. మందులకి లొంగట్లేదంటే మామూలు క్రిమికన్నా ప్రమాదమా? ఇంట్లో పిల్లలున్నారు, అంటుకుంటుందేటి?

పర్లాకిమిడి ల్యాబ్:
తమ్ముడూ, మందుకి లొంగకపోవడం వేరు, ఒంటికి హాని చేసే బలం వేరు. ఆర్ అంటే ఆ మందు దాన్ని చంపలేదని, అంతే. మెరోపెనెమ్‌ని విరగ్గొట్టే ఎంజైములు ఉంటాయి, మన దగ్గర ఎక్కువగా కనిపించే వాటిలో ఎన్‌డీఎం ఒకటి, దాని జీన్ ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద ఉండి ఒక క్రిమి నుంచి ఇంకోదానికి, వేరే జాతికి కూడా వెళ్ళిపోతుంది. హాని చేసే బలం దాని ఒంటి చుట్టూ ఉండే జిగురు పొరది, తెల్లకణాలు మింగలేవు, పైగా మన ఒంట్లో ఇనుముని లాక్కుంటుంది. ఇవి మరీ ఎక్కువున్న రకం క్రిములు ల్యాబ్ ప్లేట్ మీద గుంపుగా పెరిగిన కాలనీని లూప్ అనే సన్నని పుల్లతో లాగితే పాకంలా 5 మిల్లీమీటర్లు దాటి తీగ సాగుతుంది. ఒకప్పుడు ఆ రకం మామూలు మందులకే పోయేది, ఇప్పుడు రెండు గుణాలూ ఒకే క్రిమిలో కలుస్తున్నాయి, 2024లో డబ్ల్యూహెచ్‌ఓ కూడా హెచ్చరించింది, నాకు అసలు భయం అదే. మీ రిపోర్టులో ఆర్‌లు చూసి మాత్రం అది చెప్పలేం.

గుణుపురం సిస్టర్:
గొట్టంలో క్రిమి దొరికితే ప్రతిసారీ జబ్బు దానివల్లే అని కాదు బాబూ, గొట్టం లోపల పొర కట్టి ఊరకే కూడా ఉంటాయి, జ్వరం, ఎక్స్‌రే, ఆక్సిజన్ అన్నీ చూసి డాక్టర్లు తేలుస్తారు. కొలిస్టిన్ కిడ్నీల మీద పడుతుంది, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ ఎంతుందో అడుగుతూ ఉండండి. వద్దని చెప్పకపోతే తలవైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి అంత తేలిగ్గా జబ్బు చెయ్యదు, కానీ చేతులు కడుక్కోకుండా ఇంటికి వెళ్ళొద్దు. ఐసీయూలో ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పాకేది ఎక్కువగా చేతుల మీదే, రెయిలింగ్ పట్టుకుని అదే చేత్తో పక్క పేషెంట్‌ని పలకరించడానికి వెళ్తారు చూడండి, నాకు ఒళ్ళు మండిపోతుంది.

రాయగడ తమ్ముడు:
చాలా థాంక్స్ అక్కా, రేపు రౌండ్స్‌లో అడుగుతా. ఇంకోటి, అత్తకి దగ్గుగా ఉందంటే మందుల షాపులో అజిత్రోమైసిన్ ఇచ్చేశారు, వేసుకోమనాలా?

పర్లాకిమిడి ల్యాబ్:
చీటీ లేకుండా వద్దు. అలాంటి దగ్గు చాలావరకు వైరస్‌ది, ఆ మాత్ర దాన్నేం చెయ్యదు. జ్వరం గానీ ఆయాసం గానీ ఉంటే అక్కడే ఓపీలో చూపించెయ్యండి.