చర్చ: చార్టర్డ్ అకౌంటెన్సీ (సి.ఏ.) ఆర్టికల్‌షిప్‌ను, అంటే సి.ఏ. ఫర్ములో చేసే పని శిక్షణను, మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించడం సరైనదేనా?

ఎం.ఇ.సి. తండ్రి:

మా అమ్మాయి ఈ ఏడాది ఎం.ఇ.సి. రెండో సంవత్సరం పూర్తి చేస్తోంది. పదో తరగతి కాగానే సి.ఏ. తొలి మెట్టయిన ఫౌండేషన్‌కు పేరు నమోదు చేయించాము, అయితే పన్నెండో తరగతి స్థాయి గట్టెక్కితే గానీ ఆ పరీక్ష రాయనివ్వరు. నాలుగు పేపర్లు, ఒక్కొక్కటి 100 మార్కులు, ప్రతి పేపరులోనూ కనీసం 40, మొత్తం మీద 50 శాతం రావాలన్నంత వరకు మాకు బోధపడింది. (ఇంట్లో ‘ఇంటర్’ అనే మాట వాడటం మానేశాము. మా అమ్మకు అది జూనియర్ కాలేజీ, మా అమ్మాయికి సి.ఏ. రెండో మెట్టు. ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తేలేసరికి కాఫీ చల్లారిపోతోంది.)

నా సందేహం ఆ తరువాతి దశ గురించి. 2023 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త విధానంలో సి.ఏ. ఇంటర్‌లోని రెండు గ్రూపుల పేపర్లూ పాసయ్యాకే ఆర్టికల్‌షిప్‌లో చేరాలి, అది రెండేళ్లే ఉంటుంది. అంతకు ముందు ఒక గ్రూపు పాసైనా చేరవచ్చు గానీ, మూడేళ్లు చేయవలసి వచ్చేది. ఫౌండేషన్ చదువుకు 4 నెలలు, ఇంటర్‌కు 8, ఆర్టికల్‌షిప్‌కు 24, ఫైనల్ చదువుకు 6, వెరసి 42 నెలలని నేను కాగితం మీద వేసుకున్నాను. మా బావమరిది చాలా కాలంగా ప్రాక్టీసులో ఉన్న సి.ఏ. రెండేళ్ల ఆర్టికల్‌తో వచ్చేవాళ్లు సగం ఉడికిన అన్నం లాంటివాళ్లని ఆయన అభిప్రాయం. ఆయన కొడుకు అభిప్రాయం సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఈ రంగంలో ఉన్న పెద్దలు తమ అనుభవంతో ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

ఆకుపచ్చ సిరా:

మీ బావమరిది గారి మాట కొంచెం కరుకుగా ఉన్నా, అందులో నిజముంది. నేను ఇరవై ఏళ్లకు పైగా ప్రాక్టీసులో ఉన్నాను. నా దగ్గర ఆర్టికల్ చేసిన పిల్లల్లో ఒకడి సంగతి చెబుతాను.

మాకు మిర్చి వ్యాపారం చేసే క్లయింటు ఒకరు ఉన్నారు. సరుకంతా గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో ఉంటుంది. మార్చి 31న స్టాకు లెక్కింపుకు ఆ అబ్బాయిని మొదటి ఏడాది పంపితే, గోడౌన్ గుమాస్తా చెప్పిన అంకె రాసుకుని, ముక్కుకు రుమాలు కట్టుకుని తిరిగి వచ్చాడు. రెండో ఏడాది తానే వరసలు, ఎత్తు లెక్కపెట్టి, గుమాస్తా చెప్పిన అంకెకు తన అంకెకు తేడా ఎంతో పట్టుకొచ్చాడు. మూడో ఏడాది బస్తాల జోలికి వెళ్లకుండా ముందు రసీదు పుస్తకం అడిగాడు. బస్తాలు ఉన్న మాట నిజమే, కానీ అవి మన క్లయింటువా, లేక రైతులు నిల్వ పెట్టుకున్నవా అన్నది అతని ప్రశ్న. సరుకు ఉండటం వేరు, ఆ సరుకు మనదై ఉండటం వేరు అన్న సంగతి పుస్తకంలో అతను ఇంటర్‌లోనే చదివాడు. అది చేతికి రావడానికి మూడు మార్చి 31లు పట్టాయి. ఇప్పుడు మనం పిల్లలకు ఇస్తున్నవి రెండే.

ఈ వృత్తిలో పని సంవత్సరమంతా ఒకే తీరుగా ఉండదు. మార్చి ఆఖరున స్టాకు, ఏప్రిల్‌లో బ్యాంకు బ్రాంచి ఆడిట్లు, ఎండాకాలం దాటగానే రిటర్నులు, సెప్టెంబరు 30 గడువుతో టాక్స్ ఆడిట్లు, డిసెంబరులో జి.ఎస్.టి. వార్షిక రిటర్ను, ఇలా ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారే వస్తుంది. ఒకసారి చూసి, రెండోసారి చేసి, మూడోసారి తన బాధ్యత మీద నడిపించినవాడికే ఆ పని వచ్చినట్టు.

పాత స్కీము:

ఆకుపచ్చ సిరా గారి మిర్చి బస్తాల ఉదాహరణ నాకు నచ్చింది గానీ, ఆయన మూడో ఏడాదిని లెక్కవేసిన తీరుతో నేను ఏకీభవించలేను. నేను 2022 నవంబరులో, అంటే పాత నిబంధనల కింద, చేరినవాడిని. మూడేళ్లు చేశాను కనుక ఆ మూడో ఏడాది లోపల ఏముంటుందో నాకు తెలుసు.

ముందు అంకెలు చూద్దాం. మూడేళ్లకు 1095 రోజులు, అందులో మాకు 156 రోజుల సెలవు ఉండేది. మిగిలినవి 939. కొత్తవాళ్లకు 730 రోజులు, సెలవు ఏడాదికి 12 చొప్పున 24, మిగిలినవి 706. ఆదివారాలు ఇద్దరికీ ఉన్నవే కనుక వాటిని వదిలేస్తే, అసలు తేడా 233 రోజులు, అంటే ఎనిమిది నెలల లోపే. ఏడాది పోయిందని అందరూ బాధపడుతున్నారు, కానీ ఏడాది పోలేదు.

ఆ 156 రోజులు మేము ఎప్పుడు వాడుకున్నామన్నది ఇంకా ముఖ్యం. మొన్న మొన్నటి దాకా ఫైనల్ పరీక్షలు మే, నవంబరు నెలల్లోనే జరిగేవి, ఆర్టికల్‌షిప్ చివరి ఆరు నెలల్లో వాటిని రాయవచ్చు. మే పరీక్ష రాసేవాడు ఏప్రిల్‌లో సెలవులో ఉంటాడు, బ్యాంకు ఆడిట్ పోయింది. నవంబరు పరీక్ష రాసేవాడు సెప్టెంబరులో సెలవులో ఉంటాడు, టాక్స్ ఆడిట్ పోయింది. మీరు చెప్పిన మూడో సీజన్‌లో చాలామంది సీనియర్లు ఆఫీసులో ఉండేవారు కాదు, రీడింగ్ రూముల్లో ఉండేవారు. ఆఫీసులో ఉన్న రోజుల్లో కూడా టేబులు సొరుగు సగం తెరిచి, అందులో పెట్టుకున్న నోట్సు మీద ఒక కన్ను, వోచర్ల కట్ట మీద ఒక కన్ను వేసి టిక్కులు పెట్టేవాళ్లం. చదివామని గానీ పని చేశామని గానీ చెప్పుకునే తీరులో లేదది.

ఇప్పుడు ఆర్టికల్ పూర్తయ్యాక ఆరు నెలలు చదువుకే వదిలారు. పనివేళ పని, చదువువేళ చదువు. దీన్ని కోతగా కాక విడదీయడంగా నేను చూస్తున్నాను.

ఇంకొక మాట. బ్రాంచి ఆడిట్‌లో, మార్చి చివరి వారంలో ఒక అప్పు ఖాతాకు హఠాత్తుగా పడిన జమ ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి చూడాలనీ, అదే పార్టీకి ఇంకో ఖాతాలో ఇచ్చిన కొత్త అప్పు నుంచే వచ్చి ఉంటే 90 రోజులు దాటి మొండి బాకీ కాబోతున్న బకాయిని కప్పిపుచ్చడానికి వేసిన ఎంట్రీ అయి ఉండవచ్చనీ నాకు మొదటి ఏప్రిల్‌లోనే తెలిసింది. మా సీనియర్ ఒకడు పక్కన కూర్చోబెట్టుకుని, స్క్రీను మీద అరగంట చూపించాడు. నేర్పేవాడు ఉంటే మూడేళ్లు ఎందుకు?

ఆకుపచ్చ సిరా:

పాత స్కీము గారి లెక్క సరిగ్గానే ఉంది. సెలవులు సీజన్‌ను మింగేవన్నది కూడా ఒప్పుకుంటాను, నేను కూడా ఆ ఏప్రిల్ నెలల్లో ఖాళీ కుర్చీలు చూసి విసుక్కున్నవాడినే. కానీ ఒక్కటి అడుగుతాను. మీకు అరగంట చూపించిన ఆ సీనియర్ ఎవరు? జీతం తీసుకునే సి.ఏ.నా, లేక మూడో ఏడాది శిక్షణలో ఉన్న ఆర్టికలా?

పాత స్కీము:

మూడో ఏడాది ఆర్టికలే.

ఆకుపచ్చ సిరా:

నేను చెప్పదలచుకున్నది అదే. మా లాంటి చిన్న ఫర్ములో ప్రిన్సిపాల్, అంటే శిక్షణ ఇచ్చే సి.ఏ., రోజంతా క్లయింట్ల దగ్గరో, నోటీసులకు జవాబులు రాయడంలోనో ఉంటాడు. కొత్తగా చేరినవాడికి వోచింగ్ (ఎంట్రీలను బిల్లులు, రసీదులతో సరిచూడటం) అంటే ఏమిటో, ఆకుపచ్చ పెన్నుతో టిక్కు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకుండా ప్రశ్న రాయాలో చెప్పేది మూడో ఏడాది పిల్లలే. మూడు బ్యాచీలు ఒకే గదిలో ఉన్నప్పుడు చదువు పైనుంచి కిందికి దానంతట అదే పారేది. ఇప్పుడు రెండో ఏడాది వాడు తన పని తాను నేర్చుకుంటూనే మొదటి ఏడాది వాడికి చెప్పాలి. వాడు చెప్పగలిగే స్థాయికి వచ్చేసరికి సర్వీసు పూర్తయిన ఫారం మీద నా సంతకం కోసం నిలబడుతున్నాడు.

సర్దుబాటు పద్దు:

నేను ప్రాక్టీసులో లేను, ఒక తయారీ కంపెనీ ఫైనాన్స్ విభాగంలో ఉన్నాను, కొత్తగా పాసైన సి.ఏ.లను ఇంటర్వ్యూ చేయడం నా పనిలో భాగం. ఆకుపచ్చ సిరా గారి చివరి మాట ఈ చర్చలో అన్నిటికన్నా బరువైనది. అయితే నాకు అది మూడేళ్ల పక్షాన చెప్పిన వాదనలా కాక, ఫర్ముల మీద వచ్చిన ఫిర్యాదులా వినిపించింది. క్షమించాలి. పిల్లలకు నేర్పే బాధ్యతను, స్టైపెండు మీద పనిచేసే మరో పిల్లవాడి మీద పెట్టి, ఆ పిల్లవాడు ముందే వెళ్లిపోతున్నాడని బాధపడటం న్యాయంగా లేదు. ఆ అరగంట ప్రిన్సిపాలో, జీతం ఇచ్చి పెట్టుకున్న సి.ఏ.నో ఇవ్వవలసినది.

ఇంటర్వ్యూలలో నేను చూసినంతలో, మూడేళ్లు చేసి రిటర్నుల అప్‌లోడ్ తప్ప మరొకటి తెలియనివాళ్లున్నారు. మూడేళ్లూ ఒకే క్లయింటు టాలీ ఎంట్రీలు వేసినవాళ్లున్నారు. పేరుకు ఒక ఫర్ములో నమోదై, కోచింగ్ సెంటర్‌లో కూర్చుని, డమ్మీ ఆర్టికల్‌తో బయటపడినవాళ్లూ ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టడానికి నాకు రెండు నిమిషాలు చాలు. “ఆడిట్‌లో ఏం చూశారో మీరు రాసిన ఒక వర్కింగ్ పేపరు గురించి చెప్పండి” అంటే, చేసినవాళ్ల చేతులు గాలిలో గీతలు గీయడం మొదలుపెడతాయి. చేయనివాళ్లు ఆడిటింగ్ ప్రమాణాల నంబర్లు చెబుతారు.

మన దగ్గర చిక్కు ఏమిటంటే, కొలిచేది కాలాన్ని మాత్రమే. చేరిన 30 రోజుల్లో 103వ నంబరు ఫారం, పూర్తయ్యాక 108వ నంబరు ఫారం, మధ్యలో ఏం జరిగిందన్నది ప్రిన్సిపాల్ సంతకం మీద నమ్మకం. ఇంగ్లండులో వారి చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 450 రోజుల పనిని లెక్కలోకి తీసుకుంటుంది. అక్కడిదే మరో అకౌంటెంట్ల సంస్థ ఏ.సి.సి.ఏ. వాళ్లు 36 నెలల అనుభవంతో పాటు, నిర్దేశించిన లక్ష్యాలను ఒక్కొక్కటిగా సాధించినట్టు సూపర్‌వైజరు చేత ధ్రువీకరింపజేయాలంటారు. అక్కడా దొంగ సంతకాలు ఉండవని నేను అనను. కానీ ‘ఎన్నాళ్లు చేశావు’ అన్న ప్రశ్న పక్కన ‘ఏం చేశావు’ అన్న ప్రశ్నకు ఒక గడి కాగితం మీద ఉంది. మనం మూడును రెండు చేశాము, ఆ గడికి ఇంకా అంత బరువు ఇవ్వలేదు. రెండేళ్లు సరిపోతాయనే నేను నమ్ముతున్నాను, అయితే ఈ షరతు మీదనే.

రాంక్ కాదు పాస్ చాలు:

అందరూ ఫర్ముల సంగతి మాట్లాడుతున్నారు కనుక, కొత్త విధానంలో ఉన్న విద్యార్థిగా ఎం.ఇ.సి. తండ్రి గారి 42 నెలల లెక్కను సవరించవలసి ఉంది. అందులో ఫలితాల కోసం ఎదురుచూసే కాలం లేదు. తప్పిన అటెంప్టులు లేవు. ఇంటర్ రెండు గ్రూపులూ అయితేనే ఆర్టికల్ అన్నారు కనుక, నాలాగా రెండో గ్రూపులో ఒక్క పేపరు దగ్గర ఆగిపోయినవాడు పనిలో చేరే వీలు లేక ఇంట్లో కూర్చోవలసిందే. పాత పద్ధతిలో అయితే ఒక గ్రూపుతో చేరి, పని చేస్తూ రెండోది రాసుకునేవాడిని. పరీక్షలు ఏడాదికి మూడుసార్లు, జనవరి, మే, సెప్టెంబరులలో, జరపడం వల్ల ఆ దెబ్బ కొంత తగ్గిన మాట నిజం.

నాకు ఆర్టికల్‌షిప్ రెండేళ్లా మూడేళ్లా అన్నదాని కన్నా ఈ గుమ్మమే పెద్దది. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

పాత స్కీము:

మీ మాట నిజం. నేను ఒక గ్రూపుతోనే చేరాను, కొత్త నిబంధన అప్పుడే ఉంటే ఇంకో ఏడాది ఆలస్యమయ్యేది. మా ఆఫీసులో 2023 ఆగస్టులో చేరిన అబ్బాయి నాకన్నా తొమ్మిది నెలలు వెనక వచ్చి మూడు నెలలు ముందు, 2025 ఆగస్టులో, వెళ్లిపోయాడు. కానీ నాకు 2025 సెప్టెంబరులోనే ఫైనల్ రాసే అర్హత వచ్చింది, అతను ఆరు నెలలు ఆగి 2026 మే పరీక్షకు కూర్చోవలసినవాడు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మేమిద్దరం టీ కొట్టు దగ్గర తేల్చుకోలేకపోయాము.

ఎం.ఇ.సి. తండ్రి:

అందరికీ కృతజ్ఞతలు. సర్దుబాటు పద్దు గారు చెప్పినది పట్టుకుని, మాకు తెలిసిన రెండు ఫర్ములకు ఫోను చేసి, నిరుడు మీ ఆర్టికల్స్ ఎన్ని స్టాకు లెక్కింపులకు స్వయంగా వెళ్లారని అడిగాను. ఒకరు, పిల్ల ఇంకా ఫౌండేషన్ కూడా రాయలేదు కదా, అప్పుడే ఎందుకండీ అన్నారు. రెండోవారు కాసేపు ఆగి, ఒక ఫైలు తెరిచిన చప్పుడయ్యాక, ఒక్కొక్కరికి నాలుగు అన్నారు. రెండో ఫర్ము పేరు రాసి పెట్టుకున్నాను.

ఈ చర్చంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. రెండేళ్లు, మూడేళ్లు, ఫారాలు ఏవీ ఆమె పట్టించుకోలేదు. ఒకే ప్రశ్న వేసింది. గుంటూరులో ఆ బస్తాలు చివరికి ఎవరివని తేలింది?

ఆకుపచ్చ సిరా:

సగానికి పైగా రైతులవి. ఆ ఏడాది క్లయింటు చేత స్టాకు అంకె మార్పించాకే నేను సంతకం చేశాను. అమ్మాయి ఇంటర్ రెండు గ్రూపులూ అయ్యాక, నాకు ఒకసారి కబురు పెట్టండి.