కాకినాడ పక్కన 10 మెగావాట్ల హైడ్రోజన్ యూనిట్: నీళ్ళు, కరెంటు లెక్క

ప్రశ్న: 10 మెగావాట్ల ఆల్కలైన్ ఎలక్ట్రోలైజర్‌కి (క్షార ద్రావణంలో కరెంటు పెట్టి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే యంత్రం) గోదావరి కాలవ నీళ్ళు సరిపోతాయాండి? సోలార్ ఇక్కడే వేసుకోవచ్చా?

కాలవగట్టు (జవాబిచ్చిన సభ్యుడు): కిలో హైడ్రోజన్‌కి సుమారు 55 యూనిట్ల కరెంటు వేసుకోండి. ఫుల్ లోడులో గంటకి 180 కిలోలు. కిలోకి 9 లీటర్లు లెక్క ప్రకారం చాలు, అంటే గంటకి 1,600 లీటర్ల శుద్ధజలం. ఆర్వో ఫిల్టర్ వదిలేసేదీ, కూలింగ్ టవర్ తాగేదీ కలిస్తే అంతకి మూడు నాలుగు రెట్లు తోడాలి. అసలు తిప్పలు ఎండాకాలంలో: దాళ్వా (రెండో పంట వరి) కోతయ్యాక కాలవలకి నీళ్ళు ఆపేస్తారు. నెలన్నరకి సరిపడా చెరువు తవ్వుకోండి. బోరు జోలికి పోకండి, తీరంలో ఉప్పునీరే. ఆ ఉప్పులోని క్లోరైడ్ స్టాక్‌లోకి (ఎలక్ట్రోడ్లు వరసగా పేర్చిన భాగం) దిగితే ఎలక్ట్రోడ్ల పూత తినేస్తుంది.

ఇన్వర్టర్ (ఇంకో సభ్యుడు): సోలార్ ఇక్కడొద్దండి. మెగావాట్‌కి నాలుగైదు ఎకరాలు కావాలి, మాగాణి రేటుకి ఎక్కడ గిట్టుతుంది? గాలి మరకి మెత్తటి బంకమట్టిలో లోతు పైల్స్ తప్పవు, ఆ ఖర్చు వేరే. రాయలసీమలో గాలి, సోలార్ కలిపి ఓపెన్ యాక్సెస్‌లో (గ్రిడ్ లైన్ల మీదుగా నేరుగా ఉత్పత్తిదారు దగ్గర కొని) తెచ్చుకోండి.

కాలవగట్టు: అవునండి, ఒక్క సోలారే అయితే సాయంత్రం లోడు 20 శాతం కిందకి జారుతుంది. అప్పుడు డయాఫ్రమ్ (రెండు వాయువుల్నీ విడిగా ఉంచే పొర) దాటి హైడ్రోజన్ ఆక్సిజన్ వైపు చేరుతుంది. 4 శాతం దాటితే అంటుకునే మిశ్రమమే, అందుకే 2 శాతం దగ్గరే యంత్రం తనంతట ఆగిపోయేలా ట్రిప్ పెడతారు.

ప్రశ్న వేసినవారు: ఆయ్, చెరువు లెక్క అసలు వేసుకోలేదండి.