బోరు వేస్తుంటే రాడ్డు జారింది, అక్కడ ఇల్లు కట్టొచ్చా?

కుందూ_గట్టు:
నమస్తే అందరికీ. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో, మా ఊరు కడప పక్కన. 5 సెంట్ల స్థలంలో అమ్మానాన్నలకు ఇల్లు కడదామని ముందు బోరు వేయించాం. 62 అడుగుల దగ్గర రాడ్డు ఉన్నట్టుండి నాలుగడుగులు జారిపోయింది. పైకి చిమ్ముతున్న దుమ్ము ఆగిపోయింది. బండి అతను "లోపల సందుంది సార్" అని చెప్పి టీ తాగడానికి పోయాడు. 2015 వానలకు చింతకొమ్మదిన్నె మండలంలో నేల బావుల్లా కుంగింది కదా, అప్పట్నుంచీ నాన్నకు అదే టెన్షన్. ఏదైనా టెస్ట్ చేయించాలా?

సిమెంటు_సుబ్బన్న:
కట్టేయ్ బ్రదర్. నాపరాయి మీద మా తాత ఇల్లు 70 ఏళ్లుగా నిలబడే ఉంది.

బోర్‌లాగ్:
తాతగారి ఇంటికి బాత్రూములెన్ని, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ? అది ముఖ్యం. మీ నాపరాయి కూడా సున్నపురాయే. అది నీళ్లకు కరిగి సందు ఏర్పడడానికి వేల ఏళ్లు పడుతుంది, రాత్రికి రాత్రి పెరగదు. రాయి మీదున్న మట్టి నీళ్లతో పాటు ఆ సందులోకి కొంచెం కొంచెంగా జారుతుంది. పైన నేల మామూలుగానే ఉంటుంది, కింద మట్టిలో గుమ్మటంలా బోలు పైకి పాకుతుంది. ఒకరోజు కూలుతుంది.
కుందూ గారూ, కేసింగ్ (గట్టిరాయి తగిలేదాకా మట్టి కూలకుండా దింపే పైపు) ఎంత దిగింది?

కుందూ_గట్టు:
22 అడుగులు.

బోర్‌లాగ్:
అంటే మట్టి, మెత్తరాయి కలిపి 22 అడుగులు. చూడాల్సింది అక్కడ. 62 అడుగుల కింద నాలుగడుగుల సందు పై నుంచి ఏ మిషన్‌కూ సరిగా దొరకదు. మీది నల్లరేగడి అయితే రాడార్ వద్దు, బంకమట్టి దాన్ని మీటరు, రెండు మీటర్లలోనే మింగేస్తుంది. రెసిస్టివిటీ చేయించండి. నేలలో మేకులు కొట్టి కరెంటు పంపి కొలుస్తారు. గాలి ఉన్న బోలు కరెంటును అడ్డుకుంటుంది, తడి బంకమట్టి నిండింది తేలిగ్గా పోనిస్తుంది. అనుమానమున్న చోట మాత్రం బోరు వేసి చూడాలి.

నిమ్మతోట:
మళ్లీ ఆ మిషనేనా! మా తోటలో ఒకాయన ఇదే మేకులు కొట్టి "380 అడుగుల్లో నీళ్లు" అన్నాడు. మూడు బోర్లు వేశాం, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అప్పు ఇప్పటికీ తీరలేదు. కొబ్బరికాయ పట్టుకునే ఆయన తీసుకుంది రెండు వందలే.

బోర్‌లాగ్:
నీళ్లు వెతకడం వేరు, పైన 40 అడుగుల్లో బోలు వెతకడం వేరు.

నిమ్మతోట:
మిషన్ ఒకటే కదా? అవునా, కాదా?

బోర్‌లాగ్:
సూత్రం ఒకటే. మేకుల దూరం వేరు, ప్రశ్న వేరు.

నిమ్మతోట:
చూశారా, ఒకటేనని ఒప్పుకున్నాడు.

శ్రీ_కేఆర్‌పురం:
2023లో మన బ్రిగేడ్ రోడ్డులో పడిన గుంత కూడా ఇలాంటిదేనా?

బోర్‌లాగ్:
కాదండీ. అది మెట్రో సొరంగం పని జరుగుతున్నప్పుడు పడింది. బెంగళూరు కింద ఉన్నది నైసు రాయి, అది నీళ్లకు కరగదు.
ఇంకో మాట. ఇక్కడి అలవాటుతో ఊళ్లో ఇంటి గోడ పక్కనే ఇంకుడు గుంత తవ్వొద్దు. పైకప్పు మీద పడిన వాననంతా ఒకే చోట దింపితే మట్టి జారేది అక్కడే. అలాగే చుట్టుపక్కల బోర్లతో నీటిమట్టం దించేస్తే, నీళ్ల ఆసరాతో నిలబడిన మట్టి ఊడుతుంది. దక్షిణాఫ్రికాలో బంగారు గని కోసం డోలమైట్ రాతిలోంచి (అదీ సున్నపురాయిలా కరిగేదే) నీళ్లు తోడేశారు. 1962 డిసెంబరులో గని క్రషర్ ప్లాంటు కుంగి 29 మంది పోయారు.

నిమ్మతోట:
ఇదీ అసలు సంగతి. చివరికి తప్పు రైతుదన్నమాట! ట్యాంకర్ నీళ్లతో స్నానం చేసి, ఏసీలో కూర్చుని మా బోర్లు లెక్కపెడతారు. ఆ పరీక్ష కాగితం రేపు పంచాయతీలో పెట్టి "మీ బోరు వల్లే మా గోడ పగిలింది" అంటారు. అందుకే మీ మేకులు మాకొద్దు.

బోర్‌లాగ్:
తప్పెవరిదని నేను అన్నానా? నీళ్లు దిగితే మట్టి దిగుతుంది అన్నాను. మీరు కోప్పడితే అది ఆగదు.

సిమెంటు_సుబ్బన్న:
రాఫ్ట్ వేసేయ్ బ్రదర్, ఇల్లంతటి కిందా ఒకే కాంక్రీటు పలక, గొడవ ఉండదు.

బోర్‌లాగ్:
రాఫ్ట్ చిన్న కుంగుడుకు ఆగుతుంది. కింద బావి పడితే దాంతోపాటే పోతుంది.

కుందూ_గట్టు:
నిజం చెప్తాను. టెస్ట్ చేసేవాళ్లతో ముందే మాట్లాడాను. తీగ పరిచిన పొడవులో అయిదో వంతు లోతే కనిపిస్తుందట. 40 అడుగులు చూడాలంటే 200 అడుగుల తీగ కావాలి, నా స్థలం పొడవు 55. మిగతాది మా పెదనాన్న నిమ్మతోటలోంచి పోవాలి. ఆయనకు నాలుగు బోర్లున్నాయి. "నా తోటలో మేకు కొడితే కాళ్లు విరగ్గొడతా" అన్నాడు. నిమ్మతోట అన్నా, మీరన్న మాటే ఆయనా అన్నాడు. నాన్నకూ ఆయనకూ రెండు నెలలుగా మాటల్లేవు.

శ్రీ_కేఆర్‌పురం:
అయ్యో.

నిమ్మతోట:
ఆ మేకు ఎంత దిగుతుంది?

బోర్‌లాగ్:
జానెడు, మహా అయితే అడుగు.

నిమ్మతోట:
వేర్లకు కరెంటు?

బోర్‌లాగ్:
చెట్టుకేమీ కాదు. తీగ పెట్టినంతసేపూ మనుషులూ గొడ్లూ ముట్టుకోకుండా చూసుకోవాలి. ఒక్కరోజు పని.

నిమ్మతోట:
కుందూ, మీ పెదనాన్న నంబరు పర్సనల్‌లో పెట్టు. సాళ్ల మధ్యలోంచి పోనివ్వమని నేనడుగుతా, నిమ్మ రైతు మాట నిమ్మ రైతు వింటాడు. ఆ కాగితంలో బోర్ల ఊసు ఉండకూడదు.

బోర్‌లాగ్:
కాగితంలో ఉండేది నేల కింద ఏముందన్నదే.

నిమ్మతోట:
అది నువ్వు కాదు, కుందూ రాసివ్వాలి.